గన్‌మెన్ భుజాన ఉన్నది స్టెన్ గన్ కాదు: ఒక రేకు డబ్బా చరిత్ర

అనంతపురంలో పెరిగినోళ్లకి ఈ సీన్ కొత్తగా చెప్పక్కర్లేదు. పెళ్లి మండపం ముందర మూడు బండ్లు వచ్చి ఆగుతాయి. నడిమి బండి డోర్ తెరుచుకునే లోపే ముందు బండిలోంచి సఫారీ డ్రెస్సు వేసుకున్న ఇద్దరు దిగుతారు. భుజానికి పొట్టి నల్ల తుపాకి. దాని ఎడమ పక్కన అరటికాయ లాగ వంగిన డబ్బా ఒకటి బయటికి పొడుచుకొని ఉంటుంది. పిల్లోళ్లంతా పెళ్లికొడుకుని వదిలేసి దాన్నే చూస్తారు. పేపర్లో ‘టూ ప్లస్ టూ గన్‌మెన్’ అని రాసేది వీళ్ల గురించే. ఇప్పుడు పిస్తోళ్లు, ఏకేలు ఎక్కువయ్యాయి గానీ ఫ్యాక్షన్ రోజుల్లో మన దిక్కు అందరికీ తెలిసిన తుపాకి అదే. దాని పేరేంది అని అడిగితే చిన్నోడి నుంచి ముసిలాయన దాకా ఒకటే మాట. స్టెన్ గన్.

అది స్టెన్ గన్ కాదు. దాని అసలు పేరు 9 ఎంఎం కార్బైన్ 1ఎ1. స్టెర్లింగ్ అనే బ్రిటిష్ తుపాకికి మన దేశం వెర్షన్. 1963 నుంచి కాన్పూర్‌లోని స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో తయారైంది. ఈ పేరు పొరపాటు మన జిల్లాది మాత్రమే అనుకోవద్దు. 1984 అక్టోబరు 31న ఇందిరా గాంధీ మీద సత్వంత్ సింగ్ కాల్చింది స్టెన్ గన్‌తో అని దేశమంతా చెప్పుకున్నారు, ఇప్పటికీ అట్లనే రాస్తారు. కోర్టు తీర్పు తీసి చూడండి, అందులో ఎస్ఏఎఫ్ కార్బైన్ అని ఉంటుంది. అంటే మన కాన్పూర్ సరుకు.

పేరులో ఏముందిలే అనొచ్చు. ఉంది. స్టెన్‌కి, స్టెర్లింగ్‌కి బయట నుంచి చూస్తే పోలికలు చాలా ఉంటాయి. రెండూ 9 ఎంఎం పిస్తోలు తూటానే వాడతాయి, రెండింటికీ డబ్బా ఎడమ పక్కనే. అసలు తేడా ఆ డబ్బా లోపల ఉంది. స్టెన్‌లో తూటా లోపలికి సరిగ్గా ఎక్కేది కాదు. ఆ ఒక్క జబ్బుని నయం చెయ్యడానికి పట్టిన పదేళ్ల కథే ఈపొద్దు మన టాపిక్. డబ్బా అంటే మ్యాగజైన్. స్వాతి, విపుల టైపు మ్యాగజైన్ కాదప్పా, తూటాలు పేర్చే రేకు పెట్టె.

ముందు మెషిన్ ఎట్ల పనిచేస్తుందో రెండు నిమిషాల్లో చెప్తా, ఓపిక పట్టండి. ఇట్లాంటి తుపాకుల్లో పెద్ద లాకింగ్ సిస్టం ఏమీ ఉండదు. ఒక బరువైన ఇనుప దిమ్మ, దాని వెనక ఒక స్ప్రింగు. ఆ దిమ్మని బోల్ట్ అంటారు. బోల్ట్ ముందుకు ఉరికేటప్పుడు మ్యాగజైన్ మూతి దగ్గరున్న తూటాని తోసుకొని పోయి గొట్టంలోకి ఎక్కిస్తుంది, పేలుస్తుంది. పేలిన దెబ్బకి వెనక్కి వస్తుంది. వచ్చేటప్పుడు ఖాళీ కేసుని బయటికి విసిరేస్తుంది. మళ్ళీ ముందుకు. అంతే. పిస్తోలు తూటాలో శక్తి తక్కువ కాబట్టి ఇంత సింపుల్ డిజైన్ సరిపోతుంది. అందుకే చవక, అందుకే సైకిల్ షాపు లాంటి చిన్న వర్క్‌షాపుల్లో కూడా పార్టులు చేయించగలిగారు.

ఇందులో ఫెయిల్ అయ్యే చోటు ఎక్కడ? పేలడం దగ్గర చాలా తక్కువ. ఎక్కించడం దగ్గరే ఎక్కువ. మనోళ్లకి దీన్ని చెప్పాలంటే గొర్రు కంటే మంచి ఉదాహరణ లేదు. జూన్‌లోనో జులైలోనో ఒక వాన పడుతుంది. పదును ఉండేది రెండు మూడు రోజులు. ఆ లోపల శెనక్కాయ విత్తాలి. గొర్రు మీద జడ్డిగం, జడ్డిగం నుంచి కిందికి గొట్టాలు. ఆడోళ్లు జడ్డిగంలో విత్తనం విడుస్తూ నడుస్తారు. గొట్టంలో మట్టి గడ్డ ఇరుక్కున్నా, రెండు గింజలు ఒకేసారి పడి అడ్డంగా నిలబడినా ఆ సాలు ఖాళీ. ఎద్దులు బాగానే ఉన్నాయి, గొర్రు బాగానే ఉంది, విత్తనం మంచిదే. దారి ఒక్కటే చెడింది. పైగా ఆ సంగతి అప్పుడు తెలీదు, వారం పది రోజులకి మొలక చూసినప్పుడు తెలుస్తుంది. అప్పటికి పదును పోయింది.

తుపాకిలో కూడా అంతే. తూటా ఎక్కలేదన్న సంగతి ట్రిగ్గర్ నొక్కాకే తెలుస్తుంది. స్టెన్‌లో ఇది మామూలు కంటే దారుణం. ఎందుకో చెప్తా. రైఫిల్‌లో మొదటి తూటాని ముందే గొట్టంలో పెట్టుకొని తిరగొచ్చు. కనీసం మొదటి దెబ్బ గ్యారంటీ. స్టెన్, స్టెర్లింగ్ రెండూ ఓపెన్ బోల్ట్ తుపాకులు. బోల్ట్ వెనక ఆగి ఉంటుంది, గొట్టం ఖాళీగా ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కాకే బోల్ట్ కదులుతుంది, అప్పుడే తూటా మ్యాగజైన్‌లోంచి బయటికి వస్తుంది. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఒక్క మాటలో చెప్పాలంటే లేజీ లోడింగ్. యూజర్ బటన్ నొక్కేదాకా ఏదీ లోడ్ కాదు. యాప్‌లో అయితే స్క్రీన్ మీద చక్రం తిరుగుతుంది, మళ్ళీ నొక్కుతాం. ఇక్కడ ఎదురుగా మనిషి నిలబడి ఉంటాడు.

ఇంక చరిత్రలోకి పోదాం. 1940 మే ఆఖర్లో, జూన్ మొదట్లో డంకర్క్ నుంచి బ్రిటన్ 3,38,000 మందికి పైగా సైనికుల్ని ఓడల్లో దాటించింది. మనుషులు వచ్చారు, సామాను ఫ్రాన్స్‌లోనే ఉండిపోయింది. జర్మనీ దిగుతుందేమో అని భయం. అమెరికా థామ్సన్ గన్ మంచిదే గానీ ఖరీదు, దాన్ని సముద్రం దాటించి తేవాలి. ముందు ఎంపీ 28 అనే జర్మన్ తుపాకినే దాదాపు కాపీ కొట్టి లాంచెస్టర్ అని ఒకటి చేశారు. అదీ చవక కాదు. అప్పుడు మేజర్ షెపర్డ్, హెరాల్డ్ టర్పిన్ అనే ఇద్దరు కలిసి అన్నీ పీకి పారేసిన డిజైన్ ఒకటి గీశారు. షెపర్డ్‌లో ఎస్, టర్పిన్‌లో టి, ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ పేరులో మొదటి రెండు అక్షరాలు, కలిపితే స్టెన్. 1941లో బయటికి వచ్చింది. ఇనుప గొట్టాలు, ప్రెస్సులో కొట్టిన రేకులు, వెల్డింగు. యుద్ధం అయిపోయే లోపల దాదాపు 40 లక్షలు తయారు చేశారు. అధికారిక పేరు ‘మెషిన్ కార్బైన్’. మన పోలీసు భాషలో కార్బైన్ అనే మాటకి మూలం ఇదే.

అన్నీ పీకి పారేసినోళ్లు ఒకటి మాత్రం పీకలేదు. జర్మన్ తుపాకి నుంచి వచ్చిన మ్యాగజైన్ పద్ధతి. అసలు బగ్గు అక్కడే ఉంది. కొత్త ప్రాజెక్టు రాస్తాం, అన్నీ క్లీన్‌గా రాస్తాం, పాత ప్రాజెక్టు నుంచి ఒక్క ఫైలు మాత్రం ‘ఇది వర్క్ అవుతుందిలే’ అని కాపీ చేస్తాం చూడండి, అచ్చం అదే.

ఆ డబ్బాలో 32 తూటాలు రెండు వరసల్లో ఉంటాయి. మూతి దగ్గరికి వచ్చేసరికి రెండు వరసలూ ఒక్క వరస కావాలి. హైవే మీద రెండు లేన్లు ఒకటయ్యే చోటు గుర్తు తెచ్చుకోండి. రెండు లారీలు ఒకేసారి ముక్కు పెడితే ఏమైతుంది? తూటాలు కూడా ఒకదాన్నొకటి పక్క గోడలకేసి నొక్కుతాయి. కింద నుంచి స్ప్రింగు ఎంత గట్టిగా తోస్తే అంత గట్టిగా ఇరుక్కుంటాయి. దానికి దుమ్ము తోడైతే చెప్పక్కర్లేదు. ఆఖరి తూటాలు బొటనవేలితో ఎక్కించలేక ప్రత్యేకంగా లోడర్ అనే పనిముట్టు ఇచ్చేవాళ్లు. సైనికులు 32 పట్టే డబ్బాలో 30 లేదా 28 మాత్రమే పెట్టేవాళ్లు. అనుభవం నేర్పిన ప్యాచ్ అన్నమాట.

రెండో ప్రాబ్లం మూతి పెదాలు. డబ్బా పైన రేకుని లోపలికి వంచి ఉంటారు, తూటా ఎగిరిపోకుండా పట్టుకునేది ఆ పెదాలే. ఒక్క వరస పద్ధతిలో తూటా ఏ కోణంలో బయటికి రావాలో మొత్తం ఆ రెండు పెదాలే డిసైడ్ చేస్తాయి. డబ్బా ఒకసారి రాయి మీద పడి పెదం కాస్త వంగిందా, తూటా ముక్కు గొట్టంలోకి పోకుండా అంచుకి తగులుతుంది. బోల్ట్ సగంలో ఆగిపోతుంది. బయట నుంచి చూస్తే డబ్బాకి ఏమీ కాలేదు.

మూడోది మనిషి చేతి అలవాటు. డబ్బా ఎడమ పక్క పొడుచుకొని ఉంటే ఎడమ చెయ్యి ఎక్కడికి పోతుంది? దాన్నే పట్టుకుంటుంది, హ్యాండిల్ లాగ. సినిమాల్లో అందరూ అట్లనే పట్టుకుంటారు. ట్రైనింగులో మాత్రం వద్దు అనేవాళ్లు. డబ్బాని పట్టుకొని లాగితే అది కూర్చునే గూడు అరిగి వదులవుతుంది, కోణం మారుతుంది, తూటా తప్పుతుంది. అసలు డబ్బా పక్కకి ఎందుకు పెట్టారు అంటే నేల మీద బోర్లా పడుకొని కాల్చేటప్పుడు కింద తగలకుండా. ఒక సమస్య తీర్చబోయి ఇంకో చేతికి పని ఇచ్చారు.

ఇంకో విచిత్రం కూడా ఉంది. ఇదే తుపాకి మడమ మీద పడితే ఆ కుదుపుకి బోల్ట్ వెనక్కి జరిగి, ముందుకొచ్చి, తూటా ఎక్కించుకొని దానంతట అదే పేలేది. కావాల్సినప్పుడు పేలదు, వద్దన్నప్పుడు పేలుతుంది. దీన్ని చవకగా చేశారని తిట్టేవాళ్లు చాలామంది. నేను తిట్టను. 1941లో వాళ్లకి కావాల్సింది లక్షల్లో తుపాకులు, పర్ఫెక్ట్ తుపాకి కాదు.

కానీ ఆ చవకకి ఎవరో ఒకరు బిల్లు కట్టాలి కదా. 1942 మే 27, ప్రాగ్ నగరం. నాజీ పెద్దల్లో ఒకడైన రైన్‌హార్డ్ హైడ్రిచ్ ఓపెన్ టాప్ కారులో పోతున్నాడు. మలుపు దగ్గర కారు స్లో అయింది. బ్రిటన్‌లో ట్రైనింగ్ తీసుకొని పారాషూట్‌తో దిగిన యోసెఫ్ గాబ్చిక్ కారుకి ఎదురొచ్చి స్టెన్ ఎత్తాడు, నొక్కాడు. పేలలేదు. ఎందుకు పేలలేదన్నదాని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. తూటా ఇరుక్కుందనేవాళ్లు ఉన్నారు, సేఫ్టీ సంగతి అనేవాళ్లు ఉన్నారు. ఆ క్షణంలో గాబ్చిక్‌కి కారణంతో పనేముంది? హైడ్రిచ్ కారు ఆపించి పిస్తోలు తీశాడు. పక్కనున్న యాన్ కుబిష్ బాంబు విసరబట్టి పని అయింది. ఆ గాయాలతో హైడ్రిచ్ జూన్ 4న చనిపోయాడు. కుబిష్, గాబ్చిక్ ఇద్దరూ అదే నెల 18న ప్రాగ్‌లోని ఒక చర్చిలో నాజీలు చుట్టుముట్టాక ప్రాణాలు వదిలారు. ఓపెన్ బోల్ట్ అంటే ఏందో నేను పైన చెప్పింది ఒకసారి గుర్తు చేసుకోండి. మొదటి తూటాకి కూడా గ్యారంటీ లేని తుపాకి పట్టుకొని ఆయన రోడ్డు మధ్యలో నిలబడ్డాడు.

అదే యుద్ధం నడుస్తుండగా ఇంగ్లండ్‌లో డాగెన్‌హామ్‌లోని స్టెర్లింగ్ కంపెనీలో జార్జ్ ప్యాచెట్ అనే ఇంజినీరు ఈ జబ్బు మీదే కూర్చున్నాడు. నాకు ఈయన హీరో. ఎందుకంటే కొత్త తుపాకి కనిపెట్టానని ఎగరలేదు, ఉన్న బగ్గుని పట్టుకొని వదల్లేదు.

ఏం చేశాడు? మొదటిది, రెండు వరసల్ని ఒకటి చెయ్యడం మానేశాడు. మూతి వెడల్పు చేశాడు. ఒకసారి ఎడమ వరస నుంచి, ఒకసారి కుడి వరస నుంచి, మార్చి మార్చి తూటా బయటికి వస్తుంది. లేన్లు కలిసే చోటే లేకపోతే జామ్ ఎక్కడిది? రెండోది, తూటాల్ని కింద నుంచి నెట్టే పలకకి బదులు చిన్న రోలర్లు పెట్టాడు. రాపిడి తగ్గింది, దుమ్మున్నా జారుతుంది. 34 తూటాల డబ్బాలో 34 నిజంగా పెట్టొచ్చు. మూడోది, డబ్బాని వంచాడు. మనం చూసే ఆ అరటికాయ వంపు స్టైల్ కోసం కాదు. 9 ఎంఎం తూటా కేసు సమంగా ఉండే గొట్టం కాదు. అడుగున 9.93 మిల్లీమీటర్లు, మూతి దగ్గర 9.65. తేడా మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేదు. టీ గ్లాసులు పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చి చూడండి, నాలుగు గ్లాసులకే వరస ఒక పక్కకి వంగుతుంది. తూటాలూ అంతే, పేర్చుకుంటూ పోతే వంగుతాయి. తిన్నని డబ్బాలో వాటిని బలవంతంగా నిలబెడతాం, వంగిన డబ్బాలో వాటి ఇష్టం వచ్చినట్టు కూర్చుంటాయి. చివరిగా, బోల్ట్ మీద మెలికలు తిరిగిన గట్లు చెక్కాడు. బోల్ట్ ముందుకూ వెనక్కీ పోయినప్పుడల్లా లోపలి మసినీ ఇసుకనీ అవే గీకి పక్కకి తోస్తాయి.

ఇన్ని మార్చి కూడా ఒక పని చేశాడు చూడండి, నాకు నవ్వొస్తుంది. కొత్త తుపాకిలో పాత స్టెన్ డబ్బా కూడా పట్టేట్టు ఉంచారు. బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ! సైన్యం గోడౌన్లలో స్టెన్ డబ్బాలు గుట్టలుగా ఉంటే ఎవరు పారేస్తారు? పాత డబ్బా పెడితే పాత బగ్గు ఫ్రీ.

బ్రిటిష్ సైన్యం దీన్ని 1953లో తీసుకుంది. 1977లో వచ్చిన స్టార్ వార్స్‌లో తెల్ల కవచం సైనికులు పట్టుకునే బ్లాస్టర్ ఉంది కదా, అది ఈ స్టెర్లింగే, పైన నాలుగు ముక్కలు అతికించారు. అంటే మన ఊరి గన్‌మన్ భుజాన ఉన్నదీ, గెలాక్సీలో తిరిగేదీ ఒకే ఫ్యామిలీ.

స్వతంత్రం వచ్చినప్పుడు మన సైన్యానికి బ్రిటిష్ సామానుతో పాటు స్టెన్ కూడా వచ్చింది. కాన్పూర్‌లో 1ఎ1 మొదలయ్యాక అది మెల్లగా సైన్యానికి, కేంద్ర బలగాలకి, రాష్ట్రాల పోలీసులకి చేరింది. స్టెన్ వెళ్లిపోయింది, పేరు ఉండిపోయింది. మనం అన్ని వనస్పతులనీ డాల్డా అన్నట్టు.

స్టెర్లింగ్ మంచి తుపాకి అన్నాను, నిజమే. కానీ ప్యాచెట్ రేకు డబ్బాని రేకు డబ్బా కాకుండా చెయ్యలేడు కదా. అందుకే ఆయుధాల మెకానిక్‌లు, వాళ్లని ఆర్మరర్ అంటారు, తూటా ఎక్కట్లేదు అనగానే తుపాకి విప్పరు. ముందు డబ్బా మారుస్తారు. మన ఛార్జింగ్ ఎక్కకపోతే ఫోన్ షాపుకి పరిగెత్తే ముందు కేబుల్ మార్చి చూడమంటారే, అదే. డబ్బాలకి నంబర్లు వేసి పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. ఏ డబ్బా పెట్టినా ఆగుతుంటే జబ్బు తుపాకిది, ఒక్క మూడో నంబరుతోనే ఆగుతుంటే జబ్బు డబ్బాది. ఆ తర్వాత ప్రశ్న, ఎన్నో తూటా దగ్గర ఆగింది? నిండా ఉన్నప్పుడు మొదటి ఒకటి రెండు దగ్గర ఆగితే మరీ బిగించి నింపారేమో చూడాలి. ఆఖర్లో ఆగితే స్ప్రింగు నీరసపడింది. ఒక లెక్కా పత్రం లేకుండా ఎక్కడపడితే అక్కడ ఆగితే మురికి, తూటాల క్వాలిటీ, ఖాళీ కేసుని లాగే కొక్కెం, ఇట్లా ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి. లాగ్ ఫైలు లేకుండా డీబగ్గింగ్ చెయ్యొద్దని మాకు ఆఫీసులో చెప్పేవాళ్లు. వీళ్లు అదే పని కంప్యూటర్ లేని కాలం నుంచి చేస్తున్నారు.

మన జిల్లా లాంటి చోట ఇంకొకటి ఉంది, నూనె. వానలు లేని నేల, వేసవిలో గాలి లేస్తే ఎర్ర దుమ్ము అన్నింటిలోకీ పోతుంది. నూనె ఎక్కువ పూస్తే తుపాకి స్మూత్‌గా నడుస్తుందని అనిపిస్తుంది. దుమ్ము ఆ నూనెలో కలిస్తే తయారయ్యేది పేస్టు. డబ్బా లోపల నూనె పూయకుండా పొడిగా తుడిచి ఉంచడమే మేలు. మోటరు పంపుకి గ్రీజు పెట్టే రైతుకి ఇది నేను చెప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు ఆ గన్‌మన్ గురించి ఒక మాట. అనంతపురంలో పోలీస్ ట్రైనింగ్ కాలేజీ ఉంది, ఏటా కుర్రోళ్లు అక్కడ పరేడు చేసి బయటికి వస్తారు. వాళ్లలో కొందరికి గన్‌మన్ డ్యూటీ పడుతుంది. ఆ డ్యూటీలో తుపాకి పేల్చే రోజు దాదాపు రాదు, రాకూడదు కూడా. రోజూ జరిగేది ఒకటే, బండి ఎక్కడం, దిగడం. పక్కకి పొడుచుకొని ఉన్న డబ్బా డోర్‌కి తగలడం, సీటుకి తగలడం, గేటుకి తగలడం. గుర్తుంది కదా, పెదం కాస్త వంగితే చాలు. ఆ వంగిన సంగతి ఎవరికీ కనపడదు, ఏ రిజిస్టర్‌లోనూ ఎక్కదు. నాయకుడి ప్రాణం ఖరీదు గురించి టీవీలో డిబేట్లు పెడతారు. ఆయన ముందు నిలబడే కానిస్టేబుల్ ప్రాణం మాత్రం ఆ తుపాకిలోకెల్లా చవకైన పార్టు మీద ఆధారపడి ఉంటుంది. నన్నడిగితే కొత్త తుపాకుల కంటే ముందు పాత డబ్బాలు తీసేసి కొత్తవి ఇవ్వడం, వాటితో ఏడాదికి కొన్నిసార్లైనా రేంజిలో కాల్పించడం ముఖ్యం. అది రిబ్బన్ కట్ చేసే పని కాదు కాబట్టి ఫోటో రాదు.

ఇది చూసి ‘అన్నా, ఒకటి కొనొచ్చా’ అనేవాళ్లకి ముందే చెప్తున్నా. మన దేశంలో 9 ఎంఎం ప్రొహిబిటెడ్ బోర్, మామూలు లైసెన్సు మీద దొరకదు. అమెరికా కథ వేరు. అక్కడ పిస్తోలు తూటాతో పేలే సెమీ ఆటోమేటిక్ కార్బైన్లు షాపుల్లోనే దొరుకుతాయి, చాలా వాటికి గ్లాక్ పిస్తోలు డబ్బానే పెట్టుకోవచ్చు. టెక్సాస్ పోయిన మన క్లాస్‌మేట్లు వీకెండ్‌లో రేంజి ఫోటోలు పెడతారు చూడండి, అందులో ఉండేవి చాలావరకు ఇవే. స్టెర్లింగ్ కంపెనీ కూడా ఆ మార్కెట్ కోసం మార్క్ 6 అని ఒక సెమీ ఆటోమేటిక్ చేసింది, అది క్లోజ్డ్ బోల్ట్. అంటే మొదటి తూటా ముందే గొట్టంలో ఉంటుంది. అక్కడ కూడా తూటా ఎక్కట్లేదంటే పెద్దోళ్లు ముందు అడిగే ప్రశ్న ఒకటే, ఏ మ్యాగజైన్ పెట్టావు అని. ఎనభై ఏళ్లు దాటినా ప్రశ్న మారలేదు.

మన దగ్గర కార్బైన్ 1ఎ1కి వయసైపోయింది. దాని జాగాలోకి రావడానికి క్యూలో ఉన్నవాటిలో ఒకటి అస్మి. సైన్యంలో లెఫ్టినెంట్ కల్నల్ ప్రసాద్ బన్సోడ్, పుణెలోని డీఆర్‌డీవో ల్యాబు కలిసి డిజైన్ చేసిన 9 ఎంఎం మెషిన్ పిస్తోలు, 2021 జనవరిలో బయటపెట్టారు. దాన్ని తయారు చేస్తున్నది ఎక్కడనుకున్నారు? హైదరాబాద్‌లో, లోకేష్ మెషిన్స్ అనే కంపెనీ. 2024లో సైన్యం నార్తర్న్ కమాండ్ 550 ఆర్డర్ ఇచ్చింది. దాని డబ్బా పక్కకి ఉండదు, కిందికి ఉంటుంది. రేపు గన్‌మెన్ చేతికి అదొస్తే మన ఊళ్లో దాన్ని కూడా స్టెన్ గన్ అనే అంటారు, పందెం.

వచ్చే ఎపిసోడ్ గుత్తి కోట. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయిన మన్రోని గుత్తికి ఎందుకు తెచ్చారో అందులో చూద్దాం. ఉంటా.